ఖాళీ కుర్చీల సీమ!

పీఠమైనా అంతే, ప్రభుత్వమైనా అంతే... మనకు మిగిలేది ఇన్‌ఛార్జీలే!

క్రిస్మస్ పండగ అయిపోయింది. బెంగళూరు నుంచి ఊర్లకొచ్చిన వలస కుటుంబాలు మళ్లీ మూటలు కట్టుకుని ఉరవకొండ బస్టాండులో బస్సు కోసం కాచుకుని ఉన్నాయి. టీ అంగడి దగ్గర ఒక డిగ్రీ కుర్రోడు నన్ను పలకరించాడు.

"అన్నా, పేపరాయన కదా నువ్వు. ఒక మాట చెప్పు. మా బిషప్పు యాడుంటాడు?"

"కర్నూల్లో."

"ఆయప్పకు పెద్ద?"

"ఆర్చిబిషప్. హైదరాబాద్‌లో."

"హైదరాబాద్ తెలంగాణ కదన్నా! మన ప్రభుత్వమేమో అమరావతిలో ఉంది. మరి మనం ఎవరి కింద ఉన్నట్టు?"

వాడు నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అరవై ఏళ్లు దాటిన సీమ గోసను ఆ పిల్లోడు ఒక్క ప్రశ్నలో పెట్టేశాడు. మనం ఎవరి కింద ఉన్నాం? అసలు ఎప్పుడూ ఎవరో ఒకరి కింద ఎందుకుండాలి?

'ఉద్యమ పత్రికకు చర్చి సంగతులెందుకు?' అని కొందరికి అనిపించవచ్చు. ఇది దేవుడి గురించి రాస్తున్నది కాదు. కుర్చీ గురించి రాస్తున్నది. కుర్చీ ఎక్కడ వేశారు, అందులో ఎవరైనా కూర్చున్నారా, కూర్చున్నవాడికి మన ఊరి పేరు తెలుసా అన్నదే ఇక్కడి విషయం. కలెక్టరాఫీసు, హైకోర్టు, బ్యాంకు, చర్చి... ఏ సంస్థను పట్టుకుని చూసినా సీమ నాడి ఒకే తీరుగా కొట్టుకుంటోంది.

రెండు పటాలు, ఒకే తోక

కాథలిక్ సంఘం పటం తీసుకుందాం. 1928లో నెల్లూరు కేంద్రంగా డయాసిస్ ఏర్పడింది. అంత దూరం నుంచి సీమను చూసుకోవడం కుదరదని 1967 జూన్‌లో కర్నూలు డయాసిస్‌ను వేరు చేశారు. 1976లో కడప డయాసిస్ వచ్చింది. మనుషులు దూరంగా ఉంటే కేంద్రాన్ని వాళ్ల దగ్గరకు తీసుకుపోవాలన్న ఇంగితం రోములో కూర్చున్నవాళ్లకు ఉంది. మన పక్కనే ఉన్న పాలకులకు లేదు.

ఇక 2001 సంగతి. అప్పటిదాకా తెలుగు డయాసిస్‌లకు హైదరాబాదే పెద్ద. ఆ ఏడాది అక్టోబరులో విశాఖపట్నాన్ని ఆర్చిడయాసిస్‌గా పెంచారు. శ్రీకాకుళం, ఏలూరు, విజయవాడ, గుంటూరు, నెల్లూరు దాని కిందికి పోయాయి. వరంగల్, నల్లగొండ, ఖమ్మం హైదరాబాద్ కిందే ఉన్నాయి. కర్నూలు, కడప? అవీ హైదరాబాద్ కిందే మిగిలాయి. రాష్ట్రం 2014లో రెండు ముక్కలైంది. చర్చి పటంలో మాత్రం పదమూడేళ్ల ముందే కోస్తా తన దారి తాను చూసుకుంది.

ఇందులో ఒక నిజం దాగుంది. కోస్తా వేరు, సీమ వేరు అని చర్చి పటం ఒప్పుకుంది. 'అంతా ఒకటే ఆంధ్ర' అని ఊదరగొట్టేవాళ్లు ఆ పటాన్ని ఒకసారి గోడకు తగిలించుకుని చూడాలి. కానీ సీమ వేరు అని గుర్తించినవాళ్లు సీమకు సొంత కేంద్రం మాత్రం ఇవ్వలేదు. హైదరాబాద్ తోకకు కట్టేశారు. 2013లో ఢిల్లీలో కొందరు కర్నూలు, అనంతపురం జిల్లాలను తెలంగాణలో కలిపి 'రాయల తెలంగాణ' చేద్దామన్నారు గుర్తుందా? ఆ ఆలోచన సీమలో చాలామందికి గిట్టలేదు. చర్చి పటంలో మనం బతుకుతున్నది దాదాపు అట్లాంటి రాయల తెలంగాణలోనే.

ప్రభుత్వ పటంలో అమరావతికి తోక. చర్చి పటంలో హైదరాబాద్‌కు తోక. పటం మారుతోంది, తల మారుతోంది. తోక మాత్రం మనమే!

కేరళంత నేల, ఒక్క బిషప్

లెక్కలు చూడండి. పాత కర్నూలు జిల్లా 17,658 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లా 19,130. రెండూ కలిపి 36,788. మొత్తం కేరళ రాష్ట్రం 38,863. కేరళలో అన్ని శాఖలూ కలిపి రెండు డజన్లకు పైగా కాథలిక్ డయాసిస్‌లున్నాయి. దాదాపు అంత నేల ఉన్న మన రెండు జిల్లాలకు కలిపి ఒక్క కర్నూలు డయాసిస్! అంత దూరం ఎందుకు, పాత కృష్ణా జిల్లా 8,727 చదరపు కిలోమీటర్లు. దానికి విజయవాడ కేంద్రంగా డయాసిస్ ఉంది. దానికి రెండింతలకు పైగా ఉన్న అనంతపురానికి లేదు.

ప్రభుత్వం 2022లో ఈ రెండు జిల్లాలను నాలుగు చేసింది. డయాసిస్ మాత్రం 1967లో ఎట్లుందో అట్లే ఉంది. ఉరవకొండ పక్క పల్లెలో ఒక కాథలిక్ కూలీ తన బిషప్పుకు అర్జీ పెట్టుకోవాలంటే నూరు కిలోమీటర్లకు పైన పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. పోయినా అక్కడ కుర్చీలో మనిషి ఉండాలి కదా!

కుర్చీలో మనిషేడి?

2020 నవంబరులో కర్నూలు బిషప్ పూల అంతోనిని హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా నియమించారు. మంచిదే. మరి కర్నూలుకు కొత్త బిషప్ ఎప్పుడొచ్చారు? 2024లో, గోరంట్ల జ్వాన్నేస్ వచ్చారు. మూడేళ్లకు పైగా పీఠం ఖాళీ.

కడప కథ ఇంకా ఘోరం. 2018 డిసెంబరులో బిషప్ గల్లెల ప్రసాద్ పదవి నుంచి తప్పుకున్నారు. ఐదేళ్లు దాటినా పూర్తిస్థాయి బిషప్ రాలేదు. బాధ్యతలు చూడటానికి పంపినదెవరిని? గుంటూరు బిషప్‌గా రిటైరైన గాలి బాలి గారిని. ఆ పెద్దమనిషి మీద మనకు కోపం లేదు. ఆ వయసులో వచ్చి మోసినందుకు దండం పెడదాం. కానీ ఇన్‌ఛార్జీ కూడా కోస్తా నుంచే రావాలా అన్న ప్రశ్న మన ఉద్యోగులకు కొత్తది కాదు.

2021 నుంచి 2023 చివరిదాకా లెక్క చూడండి. ఆ మూడేళ్లూ మొత్తం రాయలసీమలో, నాలుగు పాత జిల్లాల్లో, సొంత పీఠంలో కూర్చున్న కాథలిక్ బిషప్ ఒక్కరూ లేరు. ఏ పత్రికైనా రాసిందా? ఏ చానెలైనా అడిగిందా?

ఇన్‌ఛార్జీ పాలన అంటే ఏమిటో చర్చి చట్టమే చెప్పింది. కానన్ చట్టం 428వ నిబంధన ప్రకారం పీఠం ఖాళీగా ఉన్నప్పుడు కొత్త మార్పులేవీ చేయకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడాలి, అంతే. అది న్యాయమైన నియమమే, నాలుగు నెలల ఖాళీకి సరిపోతుంది. ఏళ్ల తరబడి ఖాళీ ఉంచితే? ఆ నియమమే ఉరితాడవుతుంది. సంతకం ఉంటుంది, నిర్ణయం ఉండదు. జీతాల బిల్లు కదులుతుంది, కొత్త పని కదలదు.

మన ఉద్యోగ మిత్రులకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పనిష్మెంట్ అంటే అనంతపురం బదిలీ అనే మాట మీరు ఎన్నిసార్లు వినలేదు? వచ్చిన అధికారి వచ్చిన రోజు నుంచే వెనక్కి పోయే దారి వెతుక్కుంటాడు. ఆయన పోయాక ఆ ఫైలు ఇన్‌ఛార్జీ బల్ల మీద పడి ఉంటుంది.

మనిషి మనోడే, కుర్చీ మనది కాదు

2022 ఆగస్టు 27న పూల అంతోని కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్. దళితుల్లో మొదటి కార్డినల్. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్న సభలో ఓటేసిన వాళ్లలో ఆయన ఒకరు. పుట్టింది నాటి కర్నూలు జిల్లా చిందుకూరులో. చదువుకునే సీమ పిల్లలు గుండె మీద చెయ్యేసుకుని గర్వపడాల్సిన విషయం. కానీ ఆయన కుర్చీ హైదరాబాద్‌లో ఉంది.

1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనదీ కర్నూలు జిల్లానే, పెద్దపాడు. దళితుల నుంచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి. ఆయన కుర్చీ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఎందుకంటే 1953లో కర్నూలుకు వచ్చిన రాజధానిని మూడేళ్లకే, 1956లో, ఎత్తుకుపోయారు.

'ముఖ్యమంత్రులంతా సీమోళ్లే కదా, ఇంకేం కావాలి మీకు?' అని మన మీద విసిరే రాయి పాతదే. దానికి జవాబు ఇదే. మనిషి మనోడైతే చాలదు, కుర్చీ మన నేల మీద ఉండాలి. మనిషి రేపు పోతాడు. కుర్చీ ఉంటే దాని చుట్టూ ఆఫీసు వస్తుంది, కాలేజీ వస్తుంది, ఆస్పత్రి వస్తుంది, పదిమందికి పని దొరుకుతుంది.

ఉన్న కుర్చీలే మోసుకుపోతున్న కాలమిది. కడపలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకును 2025 మేలో విలీనం చేసి ప్రధాన కార్యాలయం అమరావతి అన్నారు. కృష్ణా బోర్డు కర్నూల్లో పెట్టమంటే విశాఖ అన్నారు, తర్వాత విజయవాడ అన్నారు. శ్రీబాగ్ ఒడంబడిక రాజధానో హైకోర్టో సీమకు దక్కాలంది. ఇప్పుడు హైకోర్టు కాదు, బెంచ్ ఇస్తామని 2024 నవంబరులో అసెంబ్లీలో తీర్మానం చేశారు. బెంచ్ అంటే ఏమిటి? అదీ ఒక రకం ఇన్‌ఛార్జీనే!

తలలు లెక్కపెట్టే న్యాయం

'కేరళలో క్రైస్తవులు ఎక్కువ, మీ దగ్గర తక్కువ, అందుకే డయాసిస్‌లు తక్కువ' అని కొందరంటారు. లెక్క నిజమే, కాదనను. కానీ ఈ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ? '175 మంది ఎమ్మెల్యేల్లో మీరు 52 మందే' అన్నదీ ఇదే వాదన. తుంగభద్ర హెచ్చెల్సీకి కాగితం మీద 32.5 టీఎంసీలు రాసి, ఏటా పూడిక పేరు చెప్పి కోత కోసేదీ ఇదే ధీమాతో. తలలు లెక్కపెట్టి నీళ్లిస్తే, తలలు లెక్కపెట్టి కుర్చీలిస్తే, కరువు నేల ఎప్పటికీ ఓడిపోతూనే ఉంటుంది. ఎందుకంటే కరువు మొదట తరిమేది తలలనే!

చర్చి చరిత్రే దీనికి సాక్ష్యం. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు పుంగనూరు, కృష్ణాపురం, అనంతపురం జిల్లా మదిగుబ్బల్లో పని చేశారు. తెలుగు నేల మీద పాత కాథలిక్ సంఘాల్లో కొన్ని మన ఎర్రమట్టిలోనే పుట్టాయి. తర్వాత కరువులకు, దండయాత్రలకు తట్టుకోలేక ఇక్కడి విశ్వాసుల కుటుంబాలు గుంటూరు సీమకు వలసపోయాయి. అక్కడ సంఘాలు బలిశాయి, గుళ్లు లేచాయి. ఇక్కడ తల తగ్గింది. ఇప్పుడు ఫిబ్రవరి వస్తే మనవాళ్లే గుణదల తిరునాళ్లకు బస్సెక్కుతారు. పోనీ, భక్తి ఎక్కడికైనా పోవచ్చు. కానీ మీ దగ్గర తలలు లేవని మాత్రం మాకు చెప్పొద్దు. ఆ తలలు ఎక్కడికి పోయాయో, ఎందుకు పోయాయో చెప్పండి.

మనిషి దగ్గరుంటే ఏమవుతుందో చూడాలంటే అనంతపురమే చూడండి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చారు. తర్వాత జెస్యూట్ సభనూ వదిలేశారు. జిల్లాను మాత్రం వదల్లేదు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే. ఆర్డీటీ ఇళ్లు, బత్తలపల్లి ఆస్పత్రి, బళ్లు మన కళ్ల ముందున్నాయి. ఆయన కుర్చీ ఇక్కడ వేసుకున్నాడు, అదే తేడా. ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి ఆగిపోతే 2025లో అనంత జనం మతం చూడకుండా రోడ్డెక్కారు.

మన డిమాండ్

2026తో కడప డయాసిస్‌కు యాభై ఏళ్లు. 2027 జూన్‌తో కర్నూలు డయాసిస్‌కు అరవై ఏళ్లు. అదే 2027 నవంబరు 16కు శ్రీబాగ్ ఒడంబడికకు తొంభై ఏళ్లు. ఈ ఉత్సవాలకు పూలదండలు, ఫ్లెక్సీలు ఎవరైనా తెస్తారు. మనం ప్రశ్నలు తీసుకుపోదాం.

కాథలిక్ పెద్దలకు సీమ బిడ్డలుగా మా విన్నపం: అనంతపురం కేంద్రంగా డయాసిస్ ఏర్పాటు చేయండి. సీమ డయాసిస్‌లను కలిపి సీమలోనే ఆర్చిడయాసిస్ పెట్టండి. పీఠం ఖాళీ అయితే ఏళ్లపాటు వదిలేయకండి. 2001లో విశాఖకు చేసిందే మాకూ చేయమంటున్నాం, కొత్తదేమీ అడగడం లేదు.

ప్రభుత్వానికి మాత్రం విన్నపాలు అయిపోయాయి. శ్రీబాగ్‌లో రాసుకున్నారు, మరిచిపోయారు. ఇక ప్రత్యేక రాయలసీమ రాష్ట్రమే దారి.

ఆ రోజు బెంగళూరు బస్సు వచ్చింది. కుర్రోడు అమ్మ మూటను నెత్తికెత్తుకుని, కిటికీలోంచి అరిచాడు: "నా ప్రశ్నకు జవాబు చెప్పలేదన్నా!"

తమ్ముడూ, ఇదిగో జవాబు. మనం ఎవరి కిందా ఉండొద్దు. నువ్వు ఆ మూట దించి మన ఊర్లోనే ఉండే రోజు కోసమే ఈ కొట్లాట.

జై రాయలసీమ!