మనకూ పది వేళ్ళే

పియానో అనే వాద్యాన్ని మనలో చాలామంది మొదట చూసింది పాత సినిమాల్లోనే. గొప్పింటి హాలు, పుట్టినరోజు కేకు, నల్లటి పెద్ద పెట్టె ముందు కూర్చుని దుఃఖంగా పాడే హీరో. హాస్టల్లో ఆదివారం టీవీ ముందు చేరినప్పుడు చిన్న క్లాసుల పిల్లలు దాన్ని ‘పెద్ద హార్మోనియం’ అనేవారు. మేమూ అలాగే అన్నవాళ్ళమే. దాన్ని వాయించడమే చదువుగా, ఉద్యోగంగా బతికేవాళ్ళు లోకంలో ఉన్నారని పీజీకి వచ్చాక గానీ మాకు తెలియలేదు.

చైనాలో లాంగ్ లాంగ్ అనే పియానో కళాకారుడు ఉన్నాడు. 1982లో షెన్యాంగ్ నగరంలో పుట్టాడు. టామ్ అండ్ జెర్రీ కార్టూన్‌లో పిల్లి పియానో వాయించడం చూసి దాని మీద మనసు పడ్డానని తానే చెప్పుకున్నాడు. ఆ కార్టూన్ మనమూ చూశాం. నవ్వుకున్నాం, భోజనం గంట కొట్టగానే ప్లేట్లు తీసుకుని లేచిపోయాం. అతనికి మాత్రం మూడో ఏటనే పాఠాలు మొదలయ్యాయి. తండ్రి పోలీసు ఉద్యోగం వదిలేసి కొడుకును బీజింగ్ తీసుకువెళితే, తల్లి ఊళ్ళోనే ఉండి ఉద్యోగం చేసి ఇద్దరినీ పోషించింది. (ఆ తండ్రి పెట్టిన కఠిన శిక్షణ గురించి చదివితే భయం వేస్తుంది. అది ఏ పిల్లవాడికీ వద్దు.) 1999లో షికాగో ఆర్కెస్ట్రాతో వాయించవలసిన పెద్ద కళాకారుడు రాలేకపోతే, పదిహేడేళ్ళ ఈ కుర్రవాడు ఆ చోట కూర్చుని ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకున్నాడు. ఆ ఒక్క రాత్రికి వెనుక పద్నాలుగేళ్ళ సాధన ఉంది.

చైనా దాకా ఎందుకు? మన ఉప్పలపు శ్రీనివాస్ సంగతి చూద్దాం. లోకమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలిచిన ఆయన 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ కళాకారులు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ళ పిల్లవాడు చేతిలోకి తీసుకున్నాడు. తండ్రి అది గమనించి తన గురువుగారైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. విచిత్రమేమిటంటే ఆ గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు.

ఇది ఎంత కష్టమో కొంచెం చెప్పాలి. పియానో మెట్టు నొక్కితే ఒక్క స్వరమే పలుకుతుంది, దాన్ని ఊపడానికి వీలు లేదు. మన కర్ణాటక సంగీతానికేమో స్వరాన్ని ఊపడం, జార్చడమే ప్రాణం. మాండలిన్ కూడా పడమటి వాద్యమే, మీటిన నాదం ఎక్కువసేపు నిలవదు. అందుకే దీని మీద రాగం పలకదని పెద్దలు అనుమానించారు. ఆయన జంట తీగలు తీయించి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ పెట్టుకున్నారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, 1981లో మద్రాసులో కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికి ఆయన వయసు పద్నాలుగు, అంటే మన తొమ్మిదో తరగతి! 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. సత్యసాయి బాబా భక్తులైన ఆయన మన పుట్టపర్తికి వచ్చి వాయించేవారు. ధర్మవరం నుంచి బస్సెక్కితే చేరేంత దూరంలో ఆ కచేరీలు జరిగాయి. మన హాస్టళ్ళ నుంచి ఎందరు వెళ్ళి విన్నారు?

ఇలాంటివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు ‘గాడ్ గిఫ్ట్’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. మాకు ఆ మాట మీదే కోపం. అది వాళ్ళను పొగిడినట్టే ఉంటుంది గానీ, మనల్ని పోటీలోంచి ముందే తప్పిస్తుంది. శ్రీనివాస్ గారి ప్రతిభను మేము కాదనడం లేదు. కానీ ఆ ఇంట్లో మాండలిన్ ఉంది, విని గుర్తించే తండ్రి ఉన్నాడు, తనకు రాని వాద్యాన్నైనా నేర్పగలనన్న గురువు ఉన్నాడు.

వేళ్ళ విషయానికి వస్తే, ధర్మవరంలో సెలవులకు ఇంటికి వెళ్ళి గుంట మగ్గంలో కూర్చునే మన స్నేహితులను చూడండి. కాళ్ళు ఒక లెక్కన తొక్కుతుంటే చేతులు ఇంకో లెక్కన నడుస్తాయి. తెగిన పట్టుపోగును వేలితో వెతికి ముడి వేస్తారు. పియానో వాయించేవాళ్ళకూ రెండు చేతులకు రెండు లెక్కలు, కాలికి మూడో లెక్క. మా బ్యాచ్‌లో పెనుకొండ వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు స్టడీ అవర్‌లో ట్రంకు పెట్టె మీద వేళ్ళతో దరువు వేసేవాడు. వాళ్ళ తాత జాతరల్లో ఉరుము వాయిస్తాడని మాకు మూడేళ్ళ దాకా తెలియదు. చెబితే కులం బయటపడి పిల్లలు ఎగతాళి చేస్తారని దాచాడట. అందరమూ అక్కడి వాళ్ళమే అయిన హాస్టల్లో కూడా దాచాడు! ఇంకోచోట దాన్ని తాళ జ్ఞానం అంటారు. మేము మాత్రం ‘శబ్దం ఆపు’ అన్నాం. అన్నవాళ్ళలో ఈ వ్యాసం రాస్తున్న మేమూ ఉన్నాం.

మొదట చదువు, ఉద్యోగం, తర్వాతే పాటలు అని పెద్దలు అంటారు. మా ఇళ్ళలో డిగ్రీ అనే మాట మాతోనే మొదలైంది కాబట్టి ఆ మాట విలువ మాకు తెలుసు, కాదనలేం. అయితే లెక్కల ట్యూషన్ పదో తరగతిలో పెట్టినా కొంత పని జరుగుతుంది. వేళ్ళకు అలా కుదరదు. మూడో తరగతి పిల్లవాడికి ఉద్యోగం వచ్చేదాకా ఆగమని చెబితే, ఎప్పటికీ వద్దని చెప్పినట్టే.

అందుకని ఈ వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. పియానో అడగడం లేదు. అందరం తలా కొంత వేసుకుంటే ఒక కీబోర్డు వస్తుంది, మెట్లు అవే. మన వైపు పియానోకు దగ్గరి చుట్టం ఎక్కడైనా ఉందంటే అది చర్చిలోనే. హిందూపురంలో ప్రతి ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే మన సీనియర్ అన్న ఒకరు, ప్రార్థన అయ్యాక సాయంత్రం వచ్చి గంటసేపు నేర్పుతానని ఒప్పుకున్నారు. డబ్బులు వద్దన్నారు, బస్సు చార్జీ మాత్రం మనం ఇవ్వాలి. స్టోర్ రూములో పాత బల్ల ఒకటి ఖాళీగా ఉంది. దాని ఒక కాలు పొట్టి, కింద చెక్క ముక్క పెట్టాలి.