బడి గడప తొక్కని డోలు

మణుగూరు: కోయ వీరుల గాథలను కంచుమేళంతో గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. సమ్మక్క, సారలమ్మల కథ ఆయనకు నోటికే వచ్చు. పడిగె బట్టపై బొమ్మలు, డోలు, పాట, కథనం కలిసిన ఈ డోలీ విద్య పెద్దల చెంత ఏళ్ల తరబడి కూర్చుంటే తప్ప పట్టుబడదు. మన్యం పిల్లల్లో చాలామంది ఆ వయసును ఆశ్రమ పాఠశాలల వసతిగృహాల్లోనే గడుపుతున్నారు. జాతరకు సెలవు దొరికితేనే డోలు చప్పుడు వారి చెవిన పడుతుంది.

చట్టంలో దారి లేకపోలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలన్నది 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోని నిబంధన. సంగీతం, నాటకం పదో తరగతి వరకు నేర్పాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ సూచించింది. అయితే ఆ బోధకుడికి పట్టా ఉండాల్సిందేనంటే డోలీ కళాకారుడికి తరగతి గదిలో చోటుండదు. 2015లో మొదలైన కళా ఉత్సవ్ పోటీలు మంచివే. కాని పోటీకి ఒక పాట నేర్పడం వేరు, ఒక వంశగాథ మొత్తం అప్పగించడం వేరు. వారానికి రెండు పీరియడ్లు, కొంత గౌరవవేతనం కేటాయిస్తే భద్రాచలం ఐటీడీఏ తన పాఠశాలల్లో ఈ విద్యాసంవత్సరమే ఆరంభించగల పని ఇది. కంచుమేళం తెలిసిన పెద్దలు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.