శిరస్సు లేని గిటారు

నూతన వస్తువు కంటబడినపుడు మనవారు సాధారణముగా రెండు తెఱగుల వర్తింతురు. కొందఱు చూచినంతనే మెచ్చి కొనగోరుదురు. మఱికొందఱు చక్కగా చూడకయే నవ్వి త్రోసివేయుదురు. విద్యార్థులకు ఈ రెండును దగవు. ఒక వస్తువు ఏ కొఱతను దీర్చుటకు బుట్టినదో, ఆ కొఱత మనకు గలదో లేదో విచారించి, పిమ్మట అభిప్రాయ మేర్పఱచుకొనుట చదువుకొన్నవారి లక్షణము. మన బాలబాలికలు కొందఱు చలన చిత్రములలో జూచి ముచ్చటపడుచున్న శిరస్సు లేని విద్యుద్గిటారును గూర్చి ఈ దృష్టితో కొంచెము చర్చింప దలచితిమి.

సామాన్యమగు గిటారునకు మెడ చివర నొక తల యుండును. తంత్రులను బిగించు మరలన్నియు దానియందే యమర్పబడి యుండును. శిరస్సు లేని గిటారులో ఆ తలను దీసివేసి, తంత్రుల కొనలను మెడ చివరనే బంధించి, బిగించు మరలను వాద్యపు క్రింది భాగమున, వాయించువాని కుడిచేతికి సమీపమున నుంతురు. అమెరికా దేశస్థుడగు నెడ్ స్టైన్‌బర్గర్ 1980 ప్రాంతమున ఈ తీరు బాస్ గిటారును గల్పించి ప్రసిద్ధికి దెచ్చెను. ఆయన దానిని కొయ్యతో గాక, కార్బను పోగులను రెసినుతో గలిపి చేసెను. తరువాత ఆఱు తంత్రుల గిటారులును అట్లే వెలువడెను. ఇంగ్లాండు విద్వాంసుడు ఆలన్ హోల్డ్స్‌వర్త్ (1946–2017) వంటివారు వానిని వాయించిరి.

తల లేని వాద్యము వాద్యమగునా యని యడుగువారికి మన వీణయే ప్రత్యుత్తర మీయగలదు. వీణ కొసయందలి యాళిముఖమునకు ఒక్క తంత్రియైన గట్టబడి యుండదు. అది కేవల మలంకారము. తంత్రులను బిగించునవి దానికి వెనుక నుండు బిరడాలు. మఱియు తంత్రుల రెండవ కొనలు కుండ వైపున నాగపాశమునకు జేరియుండును. శ్రుతిని సూక్ష్మముగా సరిచేయు ఏర్పాటు అక్కడనే, కుడిచేతి దాపున నుండును. కాబట్టి వాద్యపు క్రింది కొసయందు శ్రుతి చేసికొను తలంపు మనకు క్రొత్త గాదు. అయితే గిటారు తల యాళిముఖము వంటిది గాదు. అది పనిచేయు నవయవము. దానిని దీసివేసినవాడు దాని పనిని మఱియొక చోట జేయింపవలసినవాడయ్యెను. ఈ వాద్యపు గుణదోషము లన్నియు ఆ మార్పునుండియే పుట్టినవి.

ముందుగా గుణములను జెప్పుదము. లోహపు మరల బరువుతో గూడిన తల మెడ చివర నుండుటచే గొన్ని గిటారులు, ముఖ్యముగా బాస్ గిటారులు, భుజమున దగిలించుకొన్నప్పుడు నేలవైపునకు వ్రాలును. ఎడమచేయి స్వరములను బట్టుటకు మాఱుగా మెడను మోయవలసి వచ్చును. తల లేనిచో ఈ బాధ తగ్గును. రెండవది, పొడవు తగ్గుటచే ప్రయాణమునకు ననుకూలము. క్రిక్కిఱిసిన బస్సులో వాద్యమును ఒడిలో నుంచుకొని వచ్చినవారికి ఈ సౌకర్యపు విలువ తెలియును. మూడవది, మరలు సన్నని చుట్లుగల మరమేకులై తంత్రిని తిన్నగా లాగుటచే, శ్రుతి సూక్ష్మముగా గుదురును, త్వరగా జాఱదు.

ఇది మన సీమకు దగిన వాద్యమని కొంద ఱందురు. పడమటి కనుమల చాటున నుండుటచే అనంతపురమున సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. వేసవి యెండకు, పొడిగాలికి కొయ్య కుదించుకొనును. గిటారు మెడ వంగును, మెట్ల కొనలు వెలికి వచ్చి వ్రేళ్లకు గ్రుచ్చుకొనును. కార్బనుతో జేసిన మెడకు ఈ బాధ చాల తక్కువ. కాని ఈ గుణము కార్బనుది, తల లేమిది గాదు. నేడు అమ్మబడు తలలేని గిటారులు పెక్కు కొయ్యవే. ఈ భేదమును గుర్తింపనివారు అంగడిలో మోసపోవుదురు.

ఇక దోషములు. మొదటి రకపు వాద్యములకు రెండు కొనలను గుండ్లు గల ప్రత్యేకపు తంత్రులు గావలెను. అట్టివి మన చిన్న పట్టణములలో దొరకుట దుర్లభము. పిమ్మటి వానిలో పెక్కింటికి సాధారణపు తంత్రులే చాలునుగాని, వానిని చిన్న మరమేకులతో నొక్కి పట్టవలెను. మేకు వదులైన తంత్రి జాఱును. మితిమీఱి బిగించిన తెగును. ఒక మర అరిగిపోయినచో దానికి సరిపడు మఱియొక మరను దూరమునుండి తెప్పింపవలెను. అందాక వాద్యము మూలబడి యుండును. కొన్నిటి దేహము మిక్కిలి చిన్నదగుటచే గూర్చున్నప్పుడు ఒడిలో నిలువదు. అన్నిటికంటె ముఖ్యము, ఇది విద్యుద్వాద్యము. ఆంప్లిఫయరు లేక, కరెంటు పోయిన సాయంకాలమున, దాని ధ్వని ప్రక్క గదికైన వినబడదు.

దీనినిబట్టి క్రొత్త వాద్యములను నిషేధింపవలెనని మేము చెప్పము. రేడియోవారు 1940లో హార్మోనియమును బహిష్కరించి 1971 వఱకు దూరముగా నుంచిరి. అయినను భజనలలోను, నాటకములలోను, ప్రార్థనాలయములలోను అది నిలిచియే యున్నది. పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) పాశ్చాత్యుల మాండొలినునందలి నాలుగు జతల తంత్రులకు మాఱుగా ఐదు ఒంటి తంత్రులను గైకొని, విద్యుత్సహాయమున కర్ణాటక సంగీతపు గమకములను బలికించెను. తన సంగీతమున కేది వలయునో ఆయనకు ముందు తెలిసియుండెను. మార్పు తరువాత వచ్చెను.

మన బాలుర విషయమున ఈ క్రమము తలక్రిందులగుట మాకు విచారము గలిగించుచున్నది. స్వరస్థానములు తెలియకమునుపే వాద్యపు రూపమును గూర్చి తండ్రులతో వాదులాడుట న్యాయము గాదు. వేరుశెనగ పంట వానమీద నాధారపడిన యిండ్లలో ఒక వాద్యపు వెల చిన్న విషయము గాదు. తలిదండ్రులును ‘తల లేనిది అశుభము’ అని గద్దింపక, ‘ఇది చెడినచో ఇక్కడ నెవరు బాగుచేయుదురు?’ అని యడిగినచో పిల్లలు ఆలోచించుట నేర్తురు.

పాఠశాలకు వాద్యము కొనదలచినచో, తలగల సామాన్యపు కొయ్య గిటారునే కొనవలెనని మా యభిప్రాయము. అది విద్యుత్తు లేకయే పలుకును. దాని తంత్రులు సులభముగా దొరకును. పలువురు వంతులవారీగా నేర్చుకొనవచ్చును. ఎండకాలమున దానిని పెట్టెలో భద్రపఱచుట మన పని. ఆ గిటారుపై మూడు నాలుగేండ్లు సాధనచేసి, సభలలో వాయించుచు ఊరూర దిరుగు స్థితికి వచ్చిన విద్యార్థి తేలికయగు తలలేని వాద్యమును గోరినచో, మేమే మొదట సంతోషింతుము.