అందరికీ దారి

చెన్నై అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది మెరీనా తీరం. సాయంకాలం అక్కడికి వెళ్ళి అలలలో కాళ్ళు తడుపుకోవడం అందరికీ సులభమేనని మనం అనుకుంటాం. కాని చక్రాల కుర్చీలో తిరిగేవారు చాలాకాలం సముద్రాన్ని దూరంనుంచి చూసి తృప్తిపడవలసి వచ్చింది. రోడ్డుకూ నీటికీ మధ్య విశాలమైన ఇసుక మేట ఉంది. ఆ ఇసుకలో చక్రాలు దిగబడిపోతాయి.

వికలాంగుల సంఘాలు ఏళ్ళ తరబడి అడిగిన మీదట, మొదట కొన్ని సంవత్సరాలు డిసెంబరు నెలలో తాత్కాలికంగా బాట వేశారు. 2022 నవంబరులో నగరపాలక సంస్థ 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల శాశ్వతమైన కొయ్యబాటను ప్రారంభించింది. రెండు వారాలు తిరగకముందే మాండూస్ తుపాను దానిని దెబ్బతీసింది. తరువాత మరమ్మతు చేశారు.

“ఇంత ఖర్చు ఎందుకు? నలుగురం కలిసి ఎత్తుకొని తీసుకువెళ్ళలేమా?” అని కొందరు అడుగుతారు. సాయం చేయడం మంచి గుణమే. కాని కదలవలసిన ప్రతిసారీ ఒకరిని బతిమాలుకోవడం ఎవరికైనా కష్టమే. ఎత్తేవారు రాని రోజున ఆ మనిషి ఇంట్లోనే ఉండిపోవాలి. దారి ఉంటే తనకు తోచినప్పుడు వెళ్ళి, తోచినప్పుడు తిరిగి వస్తాడు. మనం కల్పించవలసింది ఆ స్వేచ్ఛ.

ఇళ్ళకూ, పనిచేసే చోట్లకూ ఇదే వర్తిస్తుంది. ఎత్తైన గడప, ఇరుకు తలుపు, నునుపైన స్నానాల గది నేల, మెట్లు మాత్రమే ఉన్న కార్యాలయం చాలామందిని ఆపేస్తాయి. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవైన వాలుబాట కావాలి. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉంటే చక్రాల కుర్చీ సులభంగా పడుతుంది. కట్టేటప్పుడే వీటిని ఆలోచిస్తే అదనపు ఖర్చు తక్కువ. కట్టిన తరువాత పగలగొట్టి మార్చడమే భారం. పైగా ముసలివారూ, గర్భిణులూ, కాలు విరిగి కట్టు కట్టుకున్నవారూ అదే బాట మీద నడుస్తారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు ఉన్నారు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం, ప్రజలు వచ్చిపోయే భవనాలు వారికి అనువుగా ఉండాలని చెబుతున్నది. కనుక ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కు.

ప్రకృతి మధ్య కట్టేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. మెరీనా ఇసుకలో సముద్రపు తాబేళ్ళు కూడా గుడ్లు పెడతాయి. బాట పేరుతో తీరమంతా సిమెంటుతో కప్పివేయరాదు. తోటలో చెట్లు నరకకుండా, వాటి నీడలోనే గట్టి చదును బాట వేయవచ్చు. బాట పక్కన మల్లె, సంపెంగ నాటితే చూపులేనివారు వాసనతోనే చోటును గుర్తుపడతారు. ఉప్పుగాలికీ, తుపానుకూ పాడయ్యే బాటను ఏటేటా బాగుచేయాలి. ప్రారంభోత్సవంతో బాధ్యత తీరదు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లు, మేస్త్రీలు, అధికారులు అవుతారు. అంతవరకు ఆగనక్కరలేదు. మీ బడి గేటునుంచి తరగతి గదివరకు, అక్కడినుంచి మంచినీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి వరకు ఒకసారి నడిచి చూడండి. చక్రాల కుర్చీ ఎక్కడ ఆగిపోతుందో రాసి, ఆ కాగితాన్ని మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి.