పసుపు తిన్న కోడి

మా ఆవిడ తమ్ముడికి గోదావరి అవతల ఒక పల్లెలో బ్రాయిలర్ షెడ్డు వున్నది. రెండువేల కోళ్ళు. ఆ మధ్య చలికాలంలో వచ్చి, ఒక పొట్లం నా ముందు పెట్టి, "బావగారూ, మీరు తెలుగు ఎమ్మే గదా! దీనిమీద యాంటీఆక్సిడెంట్ అని వుంది. అంటే ఏమిటో చెప్పండి" అన్నాడు.

నన్నయగారి దగ్గర్నించి వెతుక్కొచ్చినా ఆ మాట నాకు దొరకదు. అదృష్టం కొద్దీ మా ఆవిడ అప్పుడే ఆవకాయ జాడీ మూత తీసింది.

"నువ్వులనూనె పోసిన ఊరగాయ ఏడాదైనా ముక్కవాసన రాదు. ఎందుకంటావ్?" అన్నాను.

"నువ్వులనూనె గనక" అన్నాడు.

జవాబు అందులోనే వుంది. గాలిలోని ప్రాణవాయువు తగిలి కొవ్వు చెడకుండా అడ్డుపడే పదార్థాలు నువ్వుల్లో వున్నాయి. సెసమాల్ అనేది వాటిలో ఒకటి. పసుపులో కుర్కుమిను, ఉసిరికాయలో సి విటమిను చేసేదీ ఆ కాపలా పనే. మునగాకుకూ, తులసికీ ఆ గుణం వున్నది.

"ఊరగాయకు సరే. బతికున్న కోడికెందుకండీ?" అన్నాడు. బావమరుదులు అంత తేలిగ్గా ఒప్పుకోరు.

బ్రాయిలరు పిల్ల పుట్టినప్పుడు 40 గ్రాములు వుంటుంది. ఆరు వారాలకు రెండు కిలోలు దాటుతుంది. అంత తొందరగా పెరిగే ఒంట్లో వేడి పుట్టక మానదు. కోడికి చెమట పట్టదు; నోరు తెరిచి రొప్పడమే దానికి వున్న విసనకర్ర. ఎండ ముదిరితే ప్రాణం నిలబెట్టే ప్రాణవాయువే రూపు మార్చుకుని కణాలకు చేటు చేస్తుంది. పైగా దాణాలో కలిపే నూనె ముక్కిపోవచ్చు, మొక్కజొన్న బూజుపట్టి కాలేయాన్ని చెరచవచ్చు. అందుకే దాణాలో ఇ విటమిను ఎప్పటినుంచో కలుపుతున్నారు.

ఆకులు, కొమ్ములు ఇప్పుడు ముందుకు రావడానికి ఇంకో కారణం వున్నది. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్కులు కలపడం ఐరోపా దేశాల్లో 2006 నుంచి నిషేధం. మనుషులకు ఆఖరి ఆసరా అయిన కొలిస్టిన్ మందును కోళ్ళకు వాడరాదని మన ప్రభుత్వం 2019లో ఉత్తరువు చేసింది. ఈ సంగతి కోడి తినేవాళ్ళకే కాదు, మాబోటి తిననివాళ్ళకూ ముఖ్యమే. మందుకు లొంగని క్రిమి శాకాహారి అని చూసి వదలదు గదా!

కిలో దాణాకు అయిదు గ్రాముల పసుపు అని నేనే లెక్క కట్టాను. కోడికి మూడున్నర కిలోల దాణా చొప్పున రెండువేల కోళ్ళకు 35 కిలోల పసుపు. "మరీ మెరిసే పసుపు చవగ్గా వచ్చిందని కొనకు, రంగు కలుపుతారు. కొమ్ములు కొని ఆడించుకో" అని కూడా చెప్పాను. చెప్పవలసింది ఒకటి మాత్రం చెప్పలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పసుపు తింటున్నాయన్న ధీమాతో అతను ఆ ఏడు చుట్టూ తడిగోనెలు కట్టించలేదు. సాయంత్రానికి 140 కోళ్ళు వూకమీద వాలిపోయాయి. నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడా అనలేదు. అంటే బాగుండేది.

తరవాతి బ్యాచికి గోనెలు కట్టాడు, జనరేటరు బాగుచేయించాడు. షెడ్డుకు మధ్య వల అడ్డం కట్టి, ఒకవైపు దాణాలోనే పసుపు కలిపాడు. నన్ను పిలిచి పద్దు పుస్తకం చేతికిచ్చాడు. అయిదో వారం తూకం వేస్తే పసుపువైపు కోళ్ళు కాస్త ఎక్కువే తూగాయి. నేను సంబరపడబోతుంటే, "ఆగండి బావగారూ, అటువైపు చింతచెట్టు నీడ వుంది" అన్నాడు.

ఈసారి పసుపు ఎండవైపు కోళ్ళకు పెడుతున్నాడు. పద్దు పుస్తకం నా దగ్గరే వున్నది.