అరికాలి కబురు

మొన్నటి మే నెలలో నాచారంలో మా డాబామీద వడియాలు పెట్టి దిగివచ్చింది అమ్మ. చూద్దును గదా, అరికాళ్ల నిండా బొబ్బలు! "ఎప్పుడు కాలిందమ్మా?" అంటే, "ఏమోరా, నాకు తెలియందే!" అంది. పదిహేనేళ్లుగా చక్కెర జబ్బున్న మనిషి.

డాక్టరుగారు నరాల వేగం కొలిపించమన్నారు. పరీక్షకు ముందు ఆవిడ కాళ్లు వెచ్చబెట్టారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు? అడిగేశాను. ఒళ్లు ఒక డిగ్రీ చల్లబడితే కబురు సెకనుకు రమారమి రెండు మీటర్లు నెమ్మదిస్తుందట. చల్లటి కాలైతే మంచి నరం కూడా జబ్బు నరంలాగే కనిపిస్తుందన్నమాట!

నరంలో కబురు తీగలో కరెంటులా పోదు. ఒకచోట సోడియం కణాలు లోపలికి చొరబడితే, ఆ అలజడి పక్కచోటును లేపుతుంది. అది ఆ పక్కదాన్ని. 1850లో ప్రష్యాలో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో కొలిస్తే సెకనుకు సుమారు 27 మీటర్లే తేలింది.

పోగు లావైతే దారి సుగమం, వేగం ఎక్కువ. అంతకన్నా గొప్ప ఉపాయం, పోగు చుట్టూ కొవ్వు తొడుగు. తొడుగున్నంత మేరా కబురు బయటికి కారిపోదు. నడుమనున్న సందుల్లోనే మళ్లీ పుంజుకుంటుంది. ఉప్పల్ నుంచి మా పేటకు వచ్చే బస్సు చెయ్యెత్తిన ప్రతివారికీ ఆగుతుంది. 2017లో వచ్చిన మెట్రోరైలు స్టేషన్లలోనే ఆగుతుంది. తొడుగున్న లావుపోగు మెట్రో: సెకనుకు 120 మీటర్ల దాకా పోగలదు. తొడుగులేని సన్నపోగు మన బస్సు: ఒక్క మీటరు, అటూ ఇటూ. కాలికి రాయి తగిలిన సంగతి ముందు తెలిసి, సలుపు కాస్త ఆగి రావడం మీరూ ఎరిగిందే.

చక్కెర జబ్బు తొడుగునూ, పోగునూ కూడా తినేస్తుంది. అమ్మ కాలిలో 34 మీటర్లు వచ్చింది. నలభైకి పైన ఉండాలట. చిత్రమేమంటే, ఆ యంత్రానికి అందేవి లావుపోగులే. మంటను మోసుకొచ్చే సన్నపోగుల మాట అది చెప్పలేదు. వాటికోసం డాక్టరుగారు సూదిమొనా, వేడీ చల్లనీ తాకించి, "తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. చాలాచోట్ల అమ్మ తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు డాబా ఎక్కాలంటే చెప్పులుండాలి. రాత్రిళ్లు దీపం దగ్గర నేను ఆవిడ అరికాళ్లు పరీక్షగా చూస్తాను.

"తల్లి కాళ్లు పట్టుకోవడం నలభై దాటాక వచ్చిందిరా నీకు!" అంటుంది అమ్మ.