తెలుగులోకి రానని మొరాయించే పాట

జపాను ప్రేమపాటలతో తెలుగు పండితునికేమి పని అని నా పాత సహోద్యోగులు కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. జీవితమంతా బడిలో పద్యం చెప్పినవాడికి, పాట ఏ దేశానిదైనా చెవి అటే పోతుంది. పైగా నా వాదం జపానును గురించి ఎంతో, తెలుగును గురించీ అంతే.

మికా నకషిమ అనే గాయని 1983లో జపాను దక్షిణ కొసన ఉన్న కగోషిమ ప్రాంతంలో పుట్టింది. 2001లో "స్టార్స్" అనే పాటతో రంగప్రవేశం చేసింది. 2003 అక్టోబరులో వచ్చిన "యుకి నో హన" ఆమె పేరును దేశం దాటించింది. రచన సతోమి, స్వరకల్పన రియోకి మత్సుమోతొ. సంధ్యవేళ బాటమీద నీడలు సాగుతుంటే ఇద్దరు ప్రక్కప్రక్కన నిలిచి ఆ యేటి తొలి మంచు రాలడం చూస్తారు. కథ అంతే.

ఈ పాటకు తెలుగు పాఠాలు నేను రెండు మూడు చదివాను. అన్నీ ఇంగ్లీషు మీదుగా వచ్చినవే, అన్నిటిలోనూ శీర్షిక "మంచుపువ్వు". మా మనుమరాలు కూడా అలాగే ఒకటి వ్రాసి, "తాతయ్యా, కాస్త భాష దిద్దిపెట్టవా" అని తెచ్చింది. భాషలో దిద్దవలసినది ఏమీ లేదు. "తప్పు నీది కాదే అమ్మా, మాటది" అన్నాను.

యుకి అంటే ఆకాశంనుండి రాలే హిమం, అది మాత్రమే. పొగమంచుకు కిరి, తుషారానికి షిమో, మంచుబిందువుకు త్సుయు అని వారికి వేరువేరు మాటలున్నాయి. మనకు ఇవన్నీ మంచే. ధనుర్మాసపు తెల్లవారుజామున ముగ్గు వేసే వేళ కురిసేదీ, గడ్డిపరకమీద నిలిచేదీ, హిమాలయం మీద పేరుకునేదీ ఒకే మాటలో ఇముడుతాయి. కాబట్టి "మంచుపువ్వు" అనగానే మన పాఠకుని మనసులో మెదిలేది మంచుబొట్టు నిలిచిన చేమంతి. వీధులను కప్పివేసే నిశ్శబ్దం మెదలదు. హిమకుసుమమంటే తీరుతుందా అంటే, అది మరీ ప్రబంధంలోకి పోతుంది. ఆ పాట వీధిలో నిలబడి మాట్లాడే పాట.

ఇక హన. పువ్వు అనడానికి వారు వాడే లిపిచిహ్నాలు రెండున్నాయి. మామూలు పువ్వుకు ఒకటి. రెండవది శోభను, వైభవాన్ని కూడా సూచిస్తుంది, చైనా దేశపు పేరులో కనిపించేది కూడా అదే. ఈ పాట శీర్షికలో ఉన్నది రెండవది. అదీగాక వారి ప్రాచీన కవిత్వంలో ఏ విశేషణమూ లేకుండా హన అంటే చాలావరకు చెర్రీపువ్వే. అంటే శిశిరంలోనే వసంతం తొంగిచూస్తున్నదన్నమాట. క్రీ.శ. 905లో చక్రవర్తి ఆజ్ఞపై సంకలనానికి పూనుకున్న "కొకిన్‌షూ"లో, కొమ్మమీది మంచును పూలని భ్రమించడం పదేపదే కనిపిస్తుంది. మన లాక్షణికుల లెక్కలో అది భ్రాంతిమదలంకారం. మన నన్నయకు సుమారు నూటయాభై యేండ్లకు ముందటి మాట. ఆ గ్రంథంలో ఇరవై భాగాలుంటే మొదటి ఆరూ ఋతువులకు, పదకొండు నుండి పదిహేను దాకా ప్రేమకు కేటాయించారు. ఆ ఇరుగుపొరుగుతనం నేటి ప్రేమపాటలోనూ ఉంది. నకషిమ 2005లో పాడిన "సకురైరో మౌ కోరొ" చెర్రీపూల రంగుతో మొదలై లేజిగురు, ఎండుటాకు, మంచు వరకు నాలుగు ఋతువులూ తిరుగుతుంది.

2008లో పాడిన "ఓరియన్" సంగతి ఇంకా చిత్రం. ఓరియన్ అంటే మన మృగశిర, ఆరుద్రలున్న తారాసమూహమే. తెలుగు చేయవలసివస్తే "మృగశిర" అనాలి కదా! కాని మృగశిర అనగానే మన రైతుకు కార్తె గుర్తుకు వస్తుంది, చేలు తడుస్తాయి, చేపల బజారు నిండుతుంది. వారికది చలికాలపు రాత్రి నక్షత్రం. మనకు సూర్యుడు అక్కడికి చేరే జూన్ నెల. ఆకాశం ఒకటే, అర్థం ఆరునెలల ఎడం.

తొలి మంచుకు బదులు తొలకరి పెట్టరాదా అని ఒక మిత్రుడు సూచించాడు. తెలివైన మాటే, కవిత్రయం పోయిన దారి అదే కదా. కాని తొలకరిలో ఉరుము ఉంది, మట్టివాసన ఉంది, నాగలి ఉంది. మంచు రాలడంలో చప్పుడే లేదు. దాన్ని దీనితో మార్చితే మంచి పాట పుట్టవచ్చు, అది వేరే పాట. కొరియావారికి ఈ చిక్కు లేదు. అక్కడ మంచు పడుతుంది, తొలి మంచునాడు ప్రేమికులు కలుసుకోవాలన్న ముచ్చటా ఉంది. అందుకే 2004లో పార్క్ హ్యోషిన్ కొరియా భాషలో ఇదే పాట పాడితే, ఒక టీవీ నాటికతోపాటు ఇల్లిల్లూ చేరింది.

వ్యాకరణం మరొక గోడ. తెలుగులో "నేను" అనకపోయినా "నిలిచాను" అంటే ఎవరో తెలుస్తుంది, క్రియ చెబుతుంది. జపనీసు క్రియ ఏ పురుషనూ చెప్పదు. కర్తను వదిలేస్తే ఆ భావం నాదా, నీదా, ఇద్దరిదా అన్నది గాలిలో తేలుతుంది. ప్రేమపాటకు అంతకంటె ఏం కావాలి? తెలుగు చేసేవాడు మాత్రం ప్రతి పాదంలోనూ తీర్పు చెప్పి తీరాలి. 2019లో ఈ పాట ఆధారంగా ఒక సినిమా తీశారు. పాట విడిచిన ఖాళీలన్నిటినీ కథతో పూడ్చడం అక్కడా అదే పని, మరికాస్త ఖర్చుతో.

ఇన్ని చెప్పినా వినికిడికి మాత్రం ఈ భాష మనకు పరాయిది కాదు. తెలుగువలెనే అజంతం, పదాంతంలో నిలిచే హల్లు ఒక్క నకారపు ధ్వని. మన ద్రుతం గుర్తుకు వస్తుంది. మనం బస్సు, పెన్ను అన్నట్లే వారు లవ్‌ను "రబు", సాంగ్‌ను "సోంగు" అంటారు. యు-కి-నో-హ-న అని లెక్కించండి, అయిదు మాత్రలు, వారి ప్రాచీన పద్యపాదపు కొలత. అందుకే నేననేది, దీన్ని తెలుగు చేయకండి. పాటను వారి భాషలోనే వినిపించి, ప్రక్కన పది వాక్యాల వ్యాఖ్య వ్రాయండి. కాళిదాసును మనం చదువుకున్నది అలాగే కదా, మల్లినాథుణ్ణి ప్రక్కన పెట్టుకుని. పాఠకునికి ఆ ఓపిక లేదనడం పాఠకుణ్ణి తక్కువ చేయడం.

గొంతును గురించి ఒక్కమాట. ఆమె స్వరం వణుకుతుందని ఆక్షేపించేవారున్నారు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గాయకదోషాలను ఏకరువు పెడుతూ కంపితుణ్ణి కూడా చేర్చాడు, నిజమే. కాని 2010లో ఆమెకు రెండు చెవులలోనూ, గొంతుకూ చెవికీ నడుమ ఉండే నాళం మూసుకోని జబ్బు బయటపడింది. తన గొంతు తనకే చెవిలో హోరుమనే స్థితి అది. కొంతకాలం పాట మాని, 2011లో తిరిగి వచ్చింది. దాని తరువాతి పాటలలో వణుకు వినబడితే నేను దోషాల పట్టిక తెరవను. 2013లో హిరోము అకిత వ్రాయగా ఆమె పాడిన పాట, చావాలని ఎందుకనిపించిందో చెప్పేది, వినండి. ప్రేమపాట కాదు గనుక ఇక్కడ దాని జోలికి పోను.